బూడిదతో గీసిన ఇల్లు

పెరెస్ అకుము మా గోడ అవతలి మనిషి. సరస్సు ఒడ్డునున్న కిసుములో మేముండే నగరపాలక క్వార్టర్లను అందరూ తొంభై ఆరిళ్ళు అంటారు. ఒంటరి కూలీల కోసం తెల్లవాళ్ళ కాలంలో కట్టిన ఒంటిగది ఇళ్ళవి. ఆ గదుల్లోనే మేం పెళ్ళిళ్ళు చేసుకున్నాం, పిల్లల్ని కన్నాం, మనవల్ని ఎత్తుకున్నాం. పెరెస్ గుమ్మం దగ్గర కుట్టుమిషను వేసుకుని రెండు బడులకు యూనిఫారాలు కుట్టేది. పిల్లవాణ్ణి ఒకసారి ఎగాదిగా చూస్తే చాలు, టేపు తీయకుండానే నిక్కరు కొలత చెప్పేసేది. భర్త పోయాక ఇద్దరాడపిల్లల్ని ఆ మిషను మీదే చదివించింది. మాట కరుకు. చొక్కా బిగువైందని ఎవరైనా గొణిగితే, "నీ కొడుకు ఎదుగుతుంటే నేనేం చెయ్యను, ఉగాలి ఓ ముద్ద తగ్గించి పెట్టు" అనేది.

ఏటా ఫిబ్రవరిలో ఇళ్ళ ఆఫీసు వాళ్ళు మా బడి హాల్లో సభ పెడతారు. గడిచిన ఏడాది ఏం చేశారో, ముందు ఏం చేయబోతున్నారో చదివి వినిపిస్తారు. నిజం చెప్పాలంటే చాలా ఏళ్ళు మేం వెళ్ళింది టీ, చపాతీల కోసమే. ఆ ఏడు మాత్రం హాలు నిండిపోయింది. పాత ఇళ్ళు పడగొడతారన్న మాట అప్పటికే ఊరంతా పాకింది.

ఇంజనీరు ఒగుటు, ముప్పై ఏళ్ళు కూడా లేని మనిషి, లేచి నివేదిక చదివాడు. రెండు వరుసల పైకప్పులు మార్చారట. నీళ్ళకు కొత్త గొట్టాలు వేశారట. ఇక ముందు, పక్కనున్న ఖాళీ జాగాలో నాలుగంతస్తుల భవనం కడతారు. ఇరవై నాలుగు కుటుంబాలు అందులోకి మారాక, వాళ్ళ పాత ఇళ్ళ చోట రెండోది లేస్తుంది. అలా నాలుగు భవనాలు. ఎవరూ ఊరి బయటికి పోనక్కర్లేదు.

మాకు నమ్మాలంటే భయం. వేరే పేటలో అలా ఖాళీ చేసినవాళ్ళు మళ్ళీ తిరిగి రాలేదని విన్నాం. ముసలాయన ఒదిందో అదే అడిగాడు. ఒకప్పుడు సరస్సు మీద ఓడల్లో పనిచేసినవాడు, ఇప్పుడు చక్రాల కుర్చీలో తిరుగుతున్నాడు. ప్రతి కుటుంబానికీ పేరు రాసిన కాగితం ఇస్తామని ఇంజనీరు చెప్పాడు. అప్పుడు చప్పట్లు మోగాయి.

పెరెస్ చప్పట్లు కొట్టలేదు. గోడకు అంటించిన ఇంటి పటం ముందు నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత ఇంజనీరును పిలిచింది.

"నాయనా, ఈ వంటింట్లో నిలబడి ఎవరు వండి చూశారు?"

"ఇంకా కట్టనేలేదు కదమ్మా."

"అందుకే అడుగుతున్నా. కుట్టేశాక కొలతలు తీస్తామా? ఆ కాగితం నాక్కూడా ఒకటియ్యి."

అతను తెల్లబోయాడు గానీ, ఒక కాగితం ఇచ్చాడు.

చేపలు వేయించే ఆడవాళ్ళ దగ్గర ఆమె మూడు డబ్బాల బూడిద పోగుచేసింది. శనివారం బడి మైదానంలో, కాగితంలో ఉన్న కొలతల ప్రకారం అసలు ఇంటి పొడవు వెడల్పులతో గోడలు, తలుపులు, కిటికీలు అన్నీ గీసింది. మేమూ తలా ఒక చెయ్యి వేశాం. గీత పూర్తయ్యాక జనం లోపలికి వెళ్ళి చూడసాగారు. విచిత్రమేమిటంటే, అందరూ తలుపులోంచే వెళ్ళారు. ఒక్కరూ గోడ దాటలేదు. మంచం రావలసిన చోట ఒకావిడ పడుకుని, పిలిచినా చాలాసేపు లేవలేదు.

మర్నాడు చర్చి అయ్యాక కొత్త ఇంట్లో భోజనానికి రమ్మని పెరెస్ ఇంజనీరుకు కబురు పెట్టింది. అతనితోపాటు ఇళ్ళ ఆఫీసు మేనేజరు బెల్దినా ఒచోలా కూడా వచ్చింది. బూడిద వంటింట్లో మూడు రాళ్ళ మీద నీళ్ళు మరుగుతున్నాయి. పెరెస్ తెడ్డు తీసి ఇంజనీరు చేతిలో పెట్టింది.

"కలుపు నాయనా. మీ అమ్మ నేర్పలేదా?"

నేర్పింది. మొక్కజొన్న పిండి పోసి బాగానే మొదలుపెట్టాడు. కానీ ఉగాలి గట్టిపడేకొద్దీ భుజం బలమంతా పెట్టి తిప్పాలి. తిప్పినప్పుడల్లా మోచెయ్యి గీత దాటింది. "గోడ కూలింది" అంది ఒకావిడ. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. వంట అయ్యేసరికి ఆ గోడ పదకొండుసార్లు కూలింది.

తర్వాత ఒదిందో కుర్చీ తోసుకుంటూ స్నానాలగది తలుపు దగ్గరికి వెళ్ళాడు. రెండు చక్రాలూ గీతల మీదే ఆగిపోయాయి. ఆయన నవ్వలేదు.

"నేను ఆరుబయటే స్నానం చెయ్యాలేమో తల్లీ," అన్నాడు మేనేజరుతో, మెల్లగా.

మేనేజరు తన ఇబ్బంది చెప్పింది: ఉన్న జాగా అంతే, వంటిల్లు పెంచితే గది తగ్గిపోతుంది.

"బట్ట ఎంతుందో అంతేనండీ, పెరగదు. కత్తిరింపు మార్చాలి," అంది పెరెస్. "ఈ నడవ ఎవరి కోసం? ఇందులో ఎవరూ కూర్చోరు, పడుకోరు. తీసేసి వంటింటికి కొంత, స్నానాలగదికి కొంత ఇవ్వండి."

మేనేజరు తన చెప్పుతోనే నడవ గీత చెరిపేసి, టేపు అడిగింది. పొద్దు వాలేదాకా గీస్తూ, చెరుపుతూ ఉన్నారు. ఇంజనీరు చేసిన ఉండలు కట్టిన ఉగాలినే ఎండు ఒమెనా చేపల కూరతో అందరం తిన్నాం.

ఆ తర్వాత నెలల తరబడి ఏ కబురూ లేదు. "నీ ఇల్లు వానకు కొట్టుకుపోయింది కదక్కా" అని ఆటపట్టించేవాళ్ళు. పెరెస్ తల ఎత్తకుండా మిషను తొక్కుతూ ఉండేది. ఒకరోజు మిషను ఆపి నాతో అంది: "నావల్లే పని ఆగిందేమో. ఇచ్చిందానికి సరేనంటే ఈపాటికి పునాది లేచేది."

మళ్ళీ ఫిబ్రవరి వచ్చింది. ఇంజనీరు చదివాడు: కిరాయిదారుల సూచన మేరకు ఇంటి నమూనా మార్చబడింది. వంటగది రెండు జానల వెడల్పు పెరిగింది. కింది అంతస్తులోని ఆరిళ్ళకూ చక్రాల కుర్చీ పట్టే తలుపులు. వచ్చే నెలలో పునాది.

పెరెస్ లేచి నిలబడింది. "ఏ కిరాయిదారులు? వాళ్ళకు పేరు లేదా?"

హాలు గొల్లుమంది. ఇంజనీరు తల గోక్కుని, కలం తీసి రాసి, మళ్ళీ చదివాడు: "తొంభై ఆరిళ్ళ దర్జీ పెరెస్ అకుము సూచన మేరకు." ఆమె కూర్చుంది.

మొదటి భవనానికి ఏడాదిన్నర పట్టింది. కింది అంతస్తులో ఒక ఇల్లు ఒదిందోకు దక్కింది. మిగతావాళ్ళకు చీట్లు తీశారు. పెరెస్ పేరు రాలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి తలుపేసుకుంది. తెల్లారేసరికి మాత్రం, ఇళ్ళు వచ్చినవాళ్ళకు కిటికీ తెరలు కుడుతూ కనిపించింది. రెండో భవనంలో మూడో అంతస్తు ఇల్లు ఆమెకు వచ్చింది. పోయిన ఆగస్టులో మారింది. మూడోదానికి జూన్‌లో పునాది తీస్తారని ఈ ఏటి నివేదిక చెబుతోంది. నాది నాలుగోది. పేరు రాసిన కాగితం బైబిల్లో దాచుకున్నాను.

కొత్త ఇంట్లో మొదటి ఆదివారం పెరెస్ చర్చికి రాలేదు. ఒంట్లో బాగోలేదేమోనని పాస్టరు, నేనూ మెట్లెక్కి వెళ్ళాం. ఆమె మంచం మీద కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉన్నాను పాస్టరుగారూ," అంది. "మంచం మీంచి సరస్సు కనబడటం ఇదే మొదలు. లేవబుద్ధి కాలేదు."

పాస్టరు ఒక కుర్చీ లాక్కుని కిటికీ పక్కన కూర్చున్నాడు.