నాలుగు చెంబుల నీళ్లు, పాలమూరు ప్రయాణం

కిందటేడు వానకాలంలో మా బాపు మూత్రపిండంలోంచి చింతగింజంత రాయిని పాలమూరు దవాఖానలో కోసి తీశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒకటే చెప్పాడు. రోజుకు నాలుగు చెంబుల నీళ్లు తాగాలి, లేకుంటే రాయి మళ్లీ వస్తుంది, రెండోసారి కోస్తే ఆ మూత్రపిండం దక్కుతుందని మాట ఇవ్వలేను అని. ఈ ఎండాకాలం మొదట్లో బాపుకు నడుము పక్కన మళ్లీ పోటు వచ్చింది. నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి ఆయన్ను వెంటబెట్టుకుని బయలుదేరాను.

ముందురోజు సాయంత్రమే బాపు ఊరి నుంచి అచ్చంపేటలో నేనుండే కిరాయి ఇంటికి వచ్చాడు. తెల్లవారి అయిదింటికి లేచి చూస్తే కుండ దగ్గర నిలబడి గటగటా నీళ్లు తాగుతున్నాడు. ఒక చెంబు, రెండు, మూడు. నాలుగోది కష్టం మీద దించాడు.

“గదేంది బాపూ, గన్ని నీళ్లు ఒక్కపారే తాగుతున్నవ్?”

“నాలుగు చెంబులన్నడు గద, తాగిన. గియ్యాల్టి పని ఒడిసింది. మడికి తడి పెట్టినట్టే. నిండ పెడితే మల్ల దాని దిక్కు చూసే పని లేదు.”

నెలల తరబడి ఇదే వరస! బాపు అచ్చంపేట సంతకు వచ్చినప్పుడల్లా నాలుగు చెంబులు తాగుతున్నవా అని అడిగేవాణ్ని, తాగుతున్న అనేవాడు. అది అబద్ధం కూడా కాదు. నాకు తల బాదుకోవాలనిపించింది.

ఆరుంబావుకు బస్సు కదిలింది. ఈ దారిన ఇలాంటి రోగిని తీసుకుపోయేవాళ్లు తలుపు పక్క సీటు పట్టుకోవాలి. మాకు వెనక సీటు దొరికింది. కల్వకుర్తి చేరేలోపు బాపు ఒంటికి పోవడానికి బస్సు మూడుసార్లు ఆగింది. మూడోసారి కండక్టరు చేతులు జోడించాడు.

“పెద్దమనిషీ, గీ బస్సు కల్వకుర్తికి పోతాందా, కనబడ్డ చెట్టుకల్లా మొక్కుతాందా?”

బస్సంతా నవ్వింది. చింతపండు గంపతో ఉన్న ఒకామె, ఉలవకట్టు తాగిస్తే రాయి కరుగుతుందంది. ముందు సీటాయన వెనక్కి తిరిగి, కల్లు తాగితే కొట్టుకుపోతుందన్నాడు. అడగకుండానే అందరూ డాక్టర్లే. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ పళ్లు కొరుక్కున్నాను.

ఎనిమిదిన్నరకు కల్వకుర్తిలో దిగి ఇడ్లీలు తిన్నాం. పాలమూరు బస్సు తొమ్మిదింటికి. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. నీళ్లు తాగమంటే బాపు గ్లాసు నా వైపుకు నెట్టేశాడు.

“నా లెక్క అయిపోయింది బిడ్డా. మల్ల బస్సు ఆపిస్తవా?”

అట్లా ఎండిన నోటితోనే జడ్చర్ల దాటి పదకొండున్నరకు దవాఖాన చేరాడు.

ఎక్స్‌రే ఫొటో తీశారు, మూత్రం పరీక్ష చేశారు. రాయి ఇంకా కట్టలేదు గాని ఇసుక పడుతోందన్నాడు డాక్టరు. నీళ్లు ఎట్లా తాగుతున్నావని అడిగితే బాపు గర్వంగా చెప్పాడు. డాక్టరు కోప్పడలేదు. చేలో ఏం పెడతావని అడిగాడు.

“మిరప, సారూ.”

“మిరప నారుకు వారం రోజుల నీళ్లు ఒక్కనాడే పెడ్తవా?”

“పెడితే నారు ఉంటదా సారూ, కుళ్లిపోదూ!”

“మరి? పొద్దంతా కొంచెం కొంచెం తాగాలె. పండుకునేముందు ఒక గ్లాసు. ఉప్పు, పచ్చడి తొక్కులు తగ్గించు. మూత్రం నీళ్లలెక్క రావాలె. పచ్చగ వచ్చిందంటే నీళ్లు చాలలేదన్నట్టు.” తర్వాత నా వైపు తిరిగాడు. “తండ్రికి వచ్చింది కొడుక్కూ రావచ్చు. నువ్వు గూడ తాగు.” నేను తలూపాను.

బయటికి రాగానే బాపు నా మీద పడ్డాడు. “గీ నారు ముచ్చట నువ్వు ముందుగాల్నే ఎందుకు చెప్పలె? పిల్లలకు చదువు చెప్పేటోనివి!”

కోపం నషాళానికి అంటింది. కానీ ఎన్ని చెంబులని అడిగానే తప్ప, ఎప్పుడు తాగుతున్నావని నేను ఒక్కసారీ అడగలేదు. ఆ సిగ్గుతో బస్టాండు దారి పట్టాను.

రెండింటికి తిరుగు బస్సు. బాపు దవాఖాన ముందు కొన్న మూత చెంబు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. జడ్చర్లలో నింపుకున్నాడు, కల్వకుర్తి చలివేంద్రంలో మళ్లీ నింపుకున్నాడు. కాసేపటికో గుక్కెడు. అచ్చంపేట బస్సులో పొద్దుటి కండక్టరే ఎదురై మమ్మల్ని చూసి నుదురు కొట్టుకున్నాడు.

సగం దారిలో బాపు ఉన్నట్టుండి అడిగాడు. “పొద్దుగాల సంది నా మీద ఒర్రుతనే ఉన్నవ్. నువ్వెన్ని తాగినవ్‌రా?”

ఇడ్లీలతో తాగిన ఒక్క టీ. బస్సు ప్రయాణం కదా అని నీళ్లు ముట్టలేదు. చిన్నప్పటి నుంచీ నాకు అదే అలవాటు.

“ఇంటికి పోయినంక తాగుత బాపూ.”

కాసేపటికి ఆయన కోసం బస్సు ఆగింది. పనిలో పనిగా నేనూ దిగాను. కండక్టరు కిటికీలోంచి అరిచాడు. “ఇప్పుడు ఇద్దరైండ్రా!”

పొద్దు వాలుతోంది, వెలుతురు ఇంకా ఉంది. తంగేడు పొద వెనక నిలబడి చూసుకున్నాను. పసుపు కలిపినంత పచ్చగా ఉంది. నా వయసుకే బాపుకు మొదటి పోటు వచ్చిందని మా అవ్వ చెప్పేది.

బస్సెక్కి కూర్చున్నాను. తర్వాత బాపు ముందు చెయ్యి చాపాను.

“జర గా చెంబియ్యి బాపూ.”