మోకాళ్ళ మీద ఓబోన్యో

ఓబోన్యో పెద్దాయనకి ఒకటే పిచ్చి. ఎవరింట్లోకైనా పాటలో బేసుని దడదడలాడించే సబ్‌వూఫర్ డబ్బా వచ్చిందని తెలిస్తే చాలు, పిలిచినా పిలవకపోయినా వెళ్ళి ఆ ఇంటి నేలంతా మోకాళ్ళ మీద పాకుతాడు. అరవై నాలుగేళ్ళ మనిషి. ఆయన మనవలు కూడా పాకడం మానేసి బడికి పోతున్నారు, ఈయన మాత్రం మానలేదు.

అడోయోకి ఆయన్ని చూస్తే ఒళ్ళు మండేది. ఆ మాటకొస్తే అడోయోకి ఎవర్ని చూసినా ఒళ్ళు మండేది, అది వేరే సంగతి. కెన్యాలోని కిసుములో, మన్యాట్టా పేటలో, ఒకే వాకిలి చుట్టూ పది రేకుల గదులున్న కాంపౌండులో ఆరో నంబరు గది ఆమెది. రాత్రంతా బేకరీలో బట్టీ ముందు నిలబడి రొట్టెలు కాల్చేది. పొద్దున ఎనిమిదింటికి వచ్చి పడుకుంటే మూడు దాకా ఆమెకి రాత్రి. మిగతా లోకానికి అది పగలు. పగలంటే ఆ కాంపౌండులో పాటలు. బట్టలుతకాలన్నా పాట, చేపలు తోమాలన్నా పాట, ఏ పనీ లేకుండా కూర్చోవాలన్నా పాటే. కుర్చీ లేని గది ఉంది గానీ సబ్‌వూఫర్ లేని గది లేదు, అడోయో గది తప్ప.

"ఈ దరిద్రమంతా ఆ ముసలాడు తెచ్చిపెట్టిందే. వీళ్ళకి డబ్బాలు కొనిపెట్టేదీ వాడే, బిగించేదీ వాడే. వాడి మోకాళ్ళు విరగ!" అని కొళాయి దగ్గర బిందె పెట్టి మరీ తిట్టేది.

కొనిపెట్టేది ఆయనే, అబద్ధం కాదు. ఇరవై రెండేళ్ళు మటాటులనే అద్దె వ్యాన్లలో స్పీకర్లు బిగించిన చెయ్యి. కాంపౌండులో ఎవరు సబ్‌వూఫర్ కొనాలన్నా ఆయన వెంట వెళ్ళాల్సిందే. వెళ్ళేటప్పుడు ఆయన సంచిలో ఉగాలి సంకటికి వాడే రెండు కిలోల మొక్కజొన్న పిండి ప్యాకెట్టు ఒకటి వేసుకునేవాడు. మంగలి విక్లిఫ్‌తో వెళ్ళినప్పుడు ఏం జరిగిందో విక్లిఫే నలుగురికీ చెప్పుకుని ఏడ్చాడు.

వాడికి పన్నెండంగుళాలది కావాలి. చుట్టూ ఎర్రలైట్లు, నీలంలైట్లు. కొట్టువాడు దాన్ని పెళ్ళికూతురిని చూపించినట్టు చూపిస్తున్నాడు. ఓబోన్యో ఒక చేత్తో ఆ పెట్టెనీ ఇంకో చేత్తో పిండి ప్యాకెట్టునీ ఎత్తాడు.

"నా పిండే బరువుగా ఉంది. ఇది పెట్టె కాదు, అట్టముక్క," అన్నాడు.

"పెద్దాయనా, పదివేల వాట్లు! పెట్టె మీద రాసుంది చూడండి."

"రాతకేం నాయనా! నా వీపు మీద గవర్నరని రాసుకుంటే నాకు జీతమిస్తారా?"

తర్వాత కొట్లో ఉన్న పెట్టెలన్నిటినీ వేలికణుపుతో కొట్టి చూశాడు. పుచ్చకాయ కొనేవాడిలా చెవి ఆనించి విన్నాడు. ప్లాస్టిక్కు వద్దన్నాడు, లైట్లు వద్దన్నాడు. చివరికి ఒక మూల దుమ్ము పట్టి ఉన్న ఎనిమిదంగుళాల చెక్కపెట్టెని బయటికి లాగించాడు. కొట్లోకల్లా చవకది అదే. కొట్టువాడి మొహం మాడిపోయింది, విక్లిఫ్ మొహం అంతకంటే మాడిపోయింది.

"బాబాయ్, కుర్రాళ్ళు నవ్వుతారు."

"నీ గది ఎంత? పదడుగులు. పదడుగుల గదిలోకి ఏనుగుని తెచ్చి ఎక్కడ కట్టేస్తావు?"

డబ్బా ఎవరు కొన్నా, ఇంటికొచ్చాక అసలు తమాషా మొదలు. ఓటిస్ వాళ్ళమ్మ కొన్నప్పుడు ఆవిడ గదిలో ఆ తమాషా చూడ్డానికి కాంపౌండు కాంపౌండంతా గుమ్మంలో నిలబడింది. ఓబోన్యో మొదట ఒక గోడకి అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. కాసేపయ్యాక, ఆవిడ రోజూ కూర్చునే సోఫాలో సబ్‌వూఫర్‌ని కూర్చోబెట్టాడు.

"నేనెక్కడ కూర్చోవాలి?" అంది ఆవిడ.

"నువ్వు కాసేపు నిలబడమ్మా. పాట పెట్టు."

పాట పెట్టగానే మోకాళ్ళ మీదికి దిగాడు. బేసు ఎక్కడ ఎలా పలుకుతోందో వింటూ, చెవి నేలకి దగ్గరగా పెట్టి, గోడ వెంబడి, బల్ల కింద, బీరువా వెనక పాకుతూనే ఉన్నాడు. "ఇక్కడ ఉబ్బింది... ఇక్కడ చచ్చింది... ఇక్కడ మళ్ళీ లేచింది," అని తనలో తను గొణుక్కుంటున్నాడు. బీరువా వెనకనుంచి ఆయన చెయ్యి ఒక్కటే బయటికొచ్చింది. ఆ చేతిలో సగం ఖాళీ అయిన సారా సీసా.

"ఇదెవరిదమ్మా? బేసుకి అడ్డంగా ఉంది."

ఓటిస్ వాళ్ళ నాన్న ఆ వారమంతా వాకిట్లోనే పడుకున్నాడు.

చివరికి ఆయన సబ్‌వూఫర్‌ని టీవీ పక్కన పెట్టలేదు, మూలా పెట్టలేదు. పాత టైరు ముక్కలు నాలుగు కింద వేసి, సోఫాకి ఆనించి, ఆవిడ కూర్చునే చోటికి సరిగ్గా జానెడు దూరంలో పెట్టాడు. "బేసు చెవికి కాదమ్మా, పిర్రకి తగలాలి. అప్పుడు సౌండు కొంచెమే పెట్టుకున్నా చాలు," అన్నాడు. బేసు నిజంగానే బావుంది. కానీ ఆవిడ ఇక కాళ్ళు చాపుకోవడానికి లేదు. వైరు గదికి అడ్డంగా పోతుంది, వచ్చినవాళ్ళల్లా దానికి తన్నుకుంటారు. విక్లిఫ్‌కైతే మంచం కాళ్ళ దగ్గర పెట్టాడు. వాడి బొటనవేలి గోరు మూడుసార్లు ఊడింది. ఎవరి గదిలో చూసినా అంతే. పెట్టకూడని చోట తప్ప ఇంకెక్కడా పెట్టనివ్వడు.

ఇదిలా ఉండగా ఒక తెల్లవారుజామున అడోయో బట్టీ ముందు నిలబడే కునికింది. ఒక రేకు రొట్టెలు మాడాయి. "ఇంకోసారి చూస్తాను, మూడోసారి చూడను," అన్నాడు మేస్త్రీ. ఆ ఉద్యోగం పోతే పల్లెలో తల్లి దగ్గరున్న ఇద్దరు పిల్లల నోట్లోకి ఏం పోతుంది? ఆ కడుపుమంటంతా ఇంటికి తెచ్చి ఓబోన్యో మీద కుమ్మరించింది. ఆదివారం కాంపౌండు చూసుకునే రాడింగ్‌ని పిలిపించి పంచాయితీ పెట్టింది.

"ఈయన మోకాలు పడని గది లేదు, డబ్బా మోగని గది లేదు. నేను మనిషిని కాదా? నాకు నిద్ర వద్దా? ఇవాళ అటో ఇటో తేలాలి," అంది.

"పెద్దాయనా, మీరేమంటారు?" అన్నాడు రాడింగ్.

"నేనేమీ అనను."

"అయితే ఇకమీదట ఎవరి గదిలోనూ పాకకూడదు."

"నడవొచ్చా?"

"నడవకూడదు కూడా!" అంది అడోయో.

ఆయన ప్యాంటు మోకాళ్ళు దులుపుకుని తన ఒకటో నంబరు గదిలోకి వెళ్ళిపోయాడు. ఆయన తరఫున ఒక్కడంటే ఒక్కడు నోరు విప్పలేదు. ఎందుకు విప్పుతారు? లోపల్లోపల అందరికీ పండగే. ఓటిస్ వాళ్ళమ్మ ఆ సాయంత్రమే డబ్బాని టీవీ పక్క మూలలోకి తోసి, సోఫాలో హాయిగా కాళ్ళు చాపుకుంది. విక్లిఫ్ మంగళవారం కల్లా తనది అమ్మేసి, లైట్లున్న పన్నెండంగుళాలది తెచ్చి గోడకి ఆనించాడు.

బుధవారం అడోయో పడుకుందో లేదో మంచం కదిలింది. కదలడమంటే మామూలు కదలడం కాదు. రేకుల మేకులు గజగజ, గిన్నెల్లో గరిటెలు గలగల, పళ్ళు కూడా ఒకదానికొకటి తగులుతున్నాయి. మూడేళ్ళుగా చప్పుడు చప్పుడని తను ఏడ్చింది చప్పుడే కాదని అప్పుడు తెలిసింది. తలుపు తీసి అరిస్తే ఆ మోతలో ఎవరికీ వినబడలేదు. తలకి దిండు కట్టుకుంది, చెవుల్లో పిండి ముద్దలు పెట్టుకుంది. శుక్రవారం తెల్లవారేసరికి నలభై రొట్టెలు అడుగున నల్లగా మాడాయి.

మేస్త్రీ అరవలేదు, అందుకే మరీ భయం వేసింది. "రేపు పెళ్ళివాళ్ళ రొట్టెలు. ఈ రాత్రి నువ్వే కాల్చాలి. అవీ మాడితే రేపటి నుంచి రానక్కర్లేదు," అన్నాడు.

అడోయో తిన్నగా ఓటిస్ వాళ్ళమ్మ గుమ్మం ముందు నిలబడింది.

"ఆ డబ్బాని ఎందుకు జరిపావు?"

"నా డబ్బా, నా ఇల్లు. మొదట్నుంచీ నాకా మూలే ఇష్టం. ఆ ముసలాయన పడనిస్తేనా? ఎక్కడైనా పెట్టుకో గానీ ఈ గోడకి మాత్రం వద్దు, బేసు పాడైపోతుందని ఒకటే నస."

"ఏ గోడకి?"

"ఇదుగో, ఇదే. నీ గోడ."

అడోయో అటునుంచి అటే విక్లిఫ్ గదికి వెళ్ళింది. అది ఆమె గదికి అవతలి పక్క.

"నాకూ అంతే అక్కా. వచ్చినప్పుడల్లా మీ వైపు గోడకే చెయ్యి పెట్టి చూసేవాడు. ఎనిమిదంగుళాలు దాటితే ఈ కాంపౌండులో బేసు బతకదన్నాడు. ఇదుగో, బతికిందిగా! వినిపించనా?" అన్నాడు వాడు సంబరంగా.

తప్పు తనదని తెలిసినప్పుడల్లా అడోయోకి ఎదుటివాళ్ళ మీద కోపం వస్తుంది. ఒకటో నంబరు తలుపు దబదబా బాదింది. ఓబోన్యో చాయ్‌లో రొట్టె ముంచుకు తింటున్నాడు.

"ఏం మనిషివయ్యా నువ్వు? మూడేళ్ళుగా నాకోసం చేస్తున్నానని ఒక్క ముక్క చెప్పొచ్చుగా! పంచాయితీలోనైనా నోరు విప్పొచ్చుగా!"

"నీకోసమెవరు చేశారు?" అన్నాడాయన. చేతిలోని రొట్టె తిరగేసి చూపించాడు. అడుగున నల్లగా ఉంది. "నేను తినేది మీ బేకరీ రొట్టే. నువ్వు నిద్రపోకపోతే నా చాయ్ చేదవుతుంది. అంతే."

"మరి వాళ్ళకైనా చెప్పొచ్చుగా, పాపం అడోయో పడుకుంటుంది తగ్గించండర్రా అని."

"చెబితే పెంచేవాళ్ళు."

"ఎందుకు పెంచుతారు?"

"ఎందుకేమిటి? ఓటిస్ వాళ్ళమ్మని పందన్నావు. విక్లిఫ్‌ని దొంగ అన్నావు. రాడింగ్‌ని ఏమన్నావో నా నోటితో చెప్పలేను. నీకోసమంటే ఈ కాంపౌండులో ఒక్కడు చిటికెన వేలు కదపడు తల్లీ. అదే బేసు కోసమంటే సోఫాలు నెత్తిన పెట్టుకు మోస్తారు."

అడోయోకి కళ్ళల్లో నీళ్ళు తిరిగితే అవి నిద్రలేమివని సరిపెట్టుకుంది. ఓబోన్యో ఆవిడ మొహం వంక చూడకుండా చాయ్ పూర్తిచేశాడు.

"ఇంతకీ నీ మంచం ఎక్కడుంది?" అన్నాడు.

"మూల. మంచం మూల కాక ఇంకెక్కడుంటుంది?"

"చంపావు! చుట్టుపక్కల బేసంతా వచ్చి కూర్చునేది మూలల్లోనే. ఎవరి గదిలోనూ నేను మూల పెట్టనివ్వనిది అందుకేగా. నీ గది ఒక్కసారి చూస్తానని మూడేళ్ళ కిందటే అడిగాను. చీపురు తిరగేశావు."

"సరే, ఇప్పుడు చూడు."

"నా మోకాళ్ళకి ఆర్డరుందిగా. ముందు అది తీయించు."

రాడింగ్ దగ్గరికి వెళ్ళిన ఆ ఇరవై అడుగులే అడోయో బతుకులో నడిచిన అన్నిటికన్నా దూరం.

"అంటే, తప్పు నీదే అంటావు," అన్నాడు రాడింగ్ గడ్డం నిమురుకుంటూ.

"అలా అన్నానా? ఆయన్ని పాకనియ్యమన్నాను."

"అంటేనే పాకనిస్తాను."

"నాదే!" అని అరిచింది అడోయో. పది గదుల తలుపులూ తెరుచుకున్నాయి.

తర్వాతి గంటలో జరిగింది ఆ కాంపౌండు మర్చిపోలేదు. అడోయో తనంతట తనే వెళ్ళి రెండు పక్కలవాళ్ళనీ పాటలు పెట్టమంది, గట్టిగా పెట్టమంది. ఓబోన్యో ఆరో నంబరు గదిలో మోకాళ్ళ మీదికి దిగాడు. పాకుతూ పాకుతూ గది నడిమధ్యకి వచ్చి ఆగాడు. చెవి కిందికి పెట్టి, పైకి పెట్టి, మొహం వెలిగించుకుని అన్నాడు: "ఇక్కడ చచ్చింది! పూర్తిగా చచ్చింది! మంచం పట్టండి."

చూడవచ్చినవాళ్ళలో నలుగురు మంచాన్ని మూలనుంచి తెచ్చి గది మధ్యలో వేశారు. గోడకి ఇటు రెండడుగులు, అటు రెండడుగులు ఖాళీ.

"శవాన్ని పెట్టినట్టుంది," అంది అడోయో.

"శవాలకి నిద్ర బాగా పడుతుంది. పడుకో," అని ఆయన ఓటిస్ వాళ్ళ గదిలోకి పాకడానికి వెళ్ళాడు. ఆవిడ సణుగుతూనే సోఫా జరిపింది. విక్లిఫ్ డబ్బా టైరు ముక్కలెక్కి మళ్ళీ మంచం కాళ్ళ దగ్గరికి వచ్చింది. పన్నెండంగుళాలది కదా, ఓబోన్యో దాని సౌండు మీటను సగం దగ్గర చెక్కముక్క అడ్డుపెట్టి బిగించేశాడు. అంతకు మించి తిప్పితే లైట్లు ఆరిపోతాయని చెప్పాడు. వాడు నమ్మాడు.

అడోయో అయిదింటి దాకా కదల్లేదు. ఓటిస్ వాళ్ళమ్మ రెండుసార్లు వచ్చి ఊపిరి ఆడుతోందో లేదో చూసి వెళ్ళింది. ఆ రాత్రి పెళ్ళివాళ్ళ రొట్టెలు అడుగున కూడా తేనెరంగులో వచ్చాయి. మేస్త్రీ ఒకటి విరిచి తిని, వెంటనే ఇంకోటి విరిచాడు.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి అడోయో బిందె తీసుకుని కొళాయి దగ్గరికి వచ్చింది. ఓటిస్ వాళ్ళ గదిలోంచి పాట లీలగా వస్తోంది. ఆమెని చూసి ఓటిస్ వాళ్ళమ్మ గబుక్కున సౌండు ఇంకా తగ్గించింది.

"తగ్గించమన్నానా?" అంది అడోయో. "నాకా పాట ఇష్టం. కాస్త పెంచు."

"పెంచొద్దు!" అని ఒకటో నంబరులోంచి కేక. "వినాలనుంటే లోపలికెళ్ళి సోఫాలో కూర్చోమను!"

మూడేళ్ళలో అడోయో ఒక పొరుగింటి గడప లోపలికి అడుగుపెట్టడం అదే మొదలు. వైరుకి తన్నుకుని, తిట్టబోయి ఆగి, సోఫాలో ఒక చివర కూర్చుంది. ఓటిస్ వాళ్ళమ్మ కప్పులో చాయ్ పోసి చేతికిచ్చింది. పాట ఒళ్ళంతా మెల్లగా పాకింది.

"బావుందా?" అంది ఓటిస్ వాళ్ళమ్మ.

"బావుంది," అంది అడోయో. "చాయే మరీ నీళ్ళలా ఉంది. రేపు నేనొచ్చి పెడతాలే."