పెద్దనాయన డిక్షనరీలో లేని రేడియో

మా చిన్నప్పుడు ప్రొద్దుటూరులో మా వీధి వాళ్ళకు ఏ ఇంగ్లీషు మాట అర్థం కాకపోయినా నేరుగా మా పెద్దనాయన బట్టలంగడికి వచ్చేవాళ్ళు... మందు సీసా మీది పేరో, కోర్టు కాగితంలోని మాటో పట్టుకుని.

పెద్దనాయన చేతులు పంచెకు తుడుచుకుని డిక్షనరీ తీసేవాడు. ఇటుకంత లావు. జమ్మలమడుగులో ఎవరో బంగళా ఖాళీ చేస్తుంటే పాత సామాన్లలో కొన్నాడట. ముందు పేజీలు ఊడిపోయాయి కాబట్టి అది ఎప్పటిదో ఎవరికీ తెలియదు... అడగాలని కూడా ఎవరికీ తోచలేదు.

అర్థాలు భలే ఉండేవి. తిమింగలమంటే 'సముద్రమందలి చేపలన్నిటికంటె పెద్ద చేప'. పరమాణువంటే 'ఇక చీల్చ వీలులేని రేణువు'. తోకచుక్కకైతే 'వెలుగు జుట్టు విరబోసుకుని ఆకాశమున తిరుగునది' అని ఉండేది. ఆయన ఇంగ్లీషులో ఒకసారి గట్టిగా చదివి, తర్వాత పురాణం చెప్పినట్టు తెలుగులో చెప్పేవాడు. నేను బట్టల తాన్ల మీద కూర్చుని నోరు తెరుచుకుని వినేదాన్ని.

పరమాణువును చీల్చారని మా సైన్సు అయ్యవారు చెప్పారంటే నవ్వేవాడు.

"బుక్కులో ల్యాకుంటే ఇంగ యాడుంటాదమ్మీ?"

ఒకరోజు రేడియో అన్న మాట వెతకమన్నాను. అది అంగట్లో మా తల మీదే పాడుతోంది... పుస్తకంలో మాత్రం లేదు. పేజీలు అటూ ఇటూ తిప్పి, "రాసినోళ్లు మర్సిపోయినట్టుండారు" అన్నాడు. అందరం నవ్వుకున్నాం.

కొన్నాళ్ళకు పెద్దనాయనకు ఆయాసం మొదలైంది. మొహం మల్లుగుడ్డలా తెల్లబడింది. నాన్న కడపకు పిలుచుకుపోతే, డాక్టరు రక్తపరీక్ష చేయించి 'పెర్నీషియస్ అనీమియా' అన్నాడు. ఒంటికి రక్తం పట్టని జబ్బు, నెలనెలా సూది వేయించుకుంటే ఏమీ కాదు, బతికినన్నాళ్ళూ మానకూడదు అని చెప్పి మొదటి సూది వేసి పంపాడు.

పెద్దనాయన బస్సు దిగి ఇంటికి కూడా రాలేదు. అంగడికే పోయి పుస్తకం తీశాడు. ఆ రోజు మాత్రం గట్టిగా చదవలేదు... నాన్నే వంగి చదివి, మాకు చెప్పాడు. 'రక్తము నానాటికి క్షీణించు వ్యాధి. మందు లేదు. మరణముతో ముగియును.'

"ఇంగ సూదులు యాలప్పా" అన్నాడు పెద్దనాయన.

"దాండ్లో రేడియోనే ల్యా గదన్నా" అన్నాడు నాన్న. "ఆ బుక్కు అచ్చేసినంక వచ్చింటాది ఈ సూది."

పెద్దనాయన తలెత్తి రేడియో వైపు చూశాడు. ఒప్పుకున్నాడనుకుని నాకు ప్రాణం లేచొచ్చింది.

"డాక్టరు మన మొగం జూసి ఊరటకు చెప్తాడు. బుక్కుకు ఎవురి మొగమూ జూడాల్సిన పనిల్యా" అని దాన్ని మూసేశాడు.

ఆ పుస్తకం పాతబడిందని ఒప్పుకుంటే, అన్నేళ్ళుగా వీధికంతా తాను చెప్పిన అర్థాలూ పాతబడినట్టే కదా... అది ఆయనకు చావు కంటే కష్టమైందని ఇప్పుడు అనిపిస్తుంది.

పెద్దమ్మ ఆయన కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. సూదికి కడపకు పిలుచుకుపోదామని పులివెందుల నుంచి ఆమె తమ్ముడు జీపు తెచ్చి, వాకిట్లో పెట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. పెద్దనాయన ఎక్కలేదు. నాలుక ఎర్రబడి అన్నం సహించేది కాదు. కాళ్ళు తిమ్మిరెక్కి అంగడి మెట్లు దిగలేకపోయాడు... ఆ ఎండాకాలం దాటలేదు.

కర్మాంతరాలు అయ్యాక పెద్దమ్మ ఆ పుస్తకాన్ని కొంగుతో తుడిచి దేవుని గూట్లో పెట్టింది. నాకు చించి పొయ్యిలో వేయాలన్నంత కోపం వచ్చింది. దాన్నెందుకు పెద్దమ్మా అక్కడ పెడతావు అన్నాను.

"బుక్కు చెప్పినట్టే జరిగె గదమ్మీ" అంది.

వీధంతా అదే మాట అంది.

ఇప్పుడు ఏ మాటకైనా ఫోనులో క్షణంలో అర్థం దొరుకుతుంది. నిన్న ఆ జబ్బు పేరు కొట్టి చూశాను... సూదులు మానకుండా వేయించుకుంటే మామూలుగా బతకొచ్చని ఉంది. పెద్దమ్మ పోయింది, నాన్న పోయాడు, అంగడి ఉన్నచోట సెల్‌ఫోన్ల షాపు వచ్చింది. ఆ అర్థం గట్టిగా చదివి వినిపించడానికి నాకు ఎవరూ మిగల్లేదు.

మీ ఇంట్లోనూ మనుషుల మాట కంటే గట్టిగా నిలిచిన పుస్తకం ఏదైనా ఉండేదా? ఉంటే రాయండి... దాని ముందు ఎవరైనా, ఒక్కరైనా గెలిచారేమో తెలుసుకోవాలనుంది.