అరచేయంత ఈగ

నా చిన్నప్పుడు నంగునూరు దగ్గర మా ఊళ్లో మా బాపు, మా పెద్దనాయిన వేరుపడి, ఒకే గట్టుకు అటొకరు ఇటొకరు ఆముదం వేసేవాళ్లు. మాటల్లేవు. మా కోడి వాళ్ల వాకిట్లోకి పోతే కుంటుకుంటూ తిరిగొచ్చేది. పెద్దనాయిన పేరు వింటేనే నాకు ఒళ్లు మండేది.

ఆ ఏడు ఆముదానికి దాసరి పురుగు పట్టి, ఆకులు నమిలేసి ఈనెలు మిగిల్చింది. సిద్దిపేట నుంచి వ్యవసాయ శాఖ ఆయన వచ్చి, అట్టకు అంటించిన ఫోటో ఒకటి పెద్దనాయిన చేతిలో పెట్టాడు. అందులో సన్న నడుము, పొడుగు మీసాలు, రెక్కలు ఉన్న ఈగ అరచేయంత ఉంది. అది పురుగు ఒంట్లో గుడ్డు పెడుతుందనీ, దాని పిల్ల పురుగును లోపలి నుంచే తినేస్తుందనీ, అది తిరిగే చేనును చెడగొట్టొద్దనీ చెప్పి బండెక్కి వెళ్లిపోయాడు. మాది ఫోటో ఎరగని ఊరు. బొమ్మలో ఎంతుంటే ఈగ అంతే ఉంటుందని అందరూ నమ్మారు.

అరచేయంత ఈగ కోసం పెద్దనాయిన రెండు చేలూ గాలించాడు. కందిరీగలు కుట్టి మొహం వాచింది తప్ప అది దొరకలేదు. మా చేలో మాత్రం చాలా పురుగుల పొట్టల కింద బియ్యపు గింజంత గూళ్లు అంటుకొని ఉన్నాయి. అవి పురుగు గుడ్లేననీ, మా చేను నుంచే తన చేనుకు పురుగు వస్తోందనీ తేల్చేశాడు. ఒక పొద్దున చొప్ప కట్టలూ నిప్పూ పట్టుకొని గట్టెక్కాడు.

"గీ చేను కాలితెగాని నా చేను బతకది!"

మా బాపు గొడ్డలి అందుకున్నాడు. ఆ ఆముదం పోతే ఆ ఏడు మాకు తిండి లేదు. అమ్మ ఏడుస్తూ నన్ను వెనక్కి లాగింది. అప్పుడు ఆ ఇద్దరినీ కన్న మా నాయినమ్మ వచ్చి గట్టు మీద అడ్డంగా కూర్చుంది.

"గది గుడ్డో ఏందో తేలనియ్యి. గంతదాక నిప్పు పెడ్తే ముందు నాకు పెట్టు."

నిజం చెప్పాలంటే అదేమిటో ఆమెకూ తెలియదు. గూడు అంటిన పురుగులను లాంతరు గాజులో వేసి, రెండు వైపులా గుడ్డ కట్టి, కాపలా కూర్చుంది. కొన్నాళ్లకు ఒక గూడు తెరుచుకొని నువ్వుగింజంత ఈగ బయటికొచ్చింది. పెద్దనాయిన పగలబడి నవ్వాడు.

"గిదేం ఈగనే! ఫోటోల ఎంతుంది, గిదెంతుంది?"

నాయినమ్మ ఫోటో లాక్కుంది. అతన్ని గాజు ముందు కూర్చోబెట్టి, ఫోటో ఎత్తి పట్టుకొని గట్టు వెంట వెనక్కి నడవసాగింది.

"చూడు కొడుకా, ఇంక ఎనుకకు పోవాల్నా? గా సర్కారాయన మీదపడి చూసిండు, గందుకే గంత కనబడ్డది!"

ఆమె దూరం పోయేకొద్దీ బొమ్మలో ఈగ చిన్నదైంది. చివరికి గాజులో ఉన్నదానంత అయింది. పెద్దనాయిన నవ్వు ఆగిపోయింది.

తప్పయిందని మాత్రం అనలేదు. మర్నాడు మా చేలోకి దిగి, మమ్మల్ని అడక్కుండానే గూడు అంటిన పురుగులను గంపలో ఏరుకుపోయి తన చేలో వదిలాడు. అమ్మ తిట్టిన తిట్లకు ఆముదాలు రాలాలి. రెండు చేలూ మళ్లీ చిగురించాయి గానీ, రెండు ఇళ్ల మధ్య మాటలు కలవలేదు. ఆయన పోయిన రోజు నా కంట చుక్క నీరు రాలేదు.

ఇప్పటికీ ఎవరి మీదైనా కోపమొచ్చి, వాళ్లు కొండంత దుర్మార్గులుగా కనబడితే, నేను నిజంగానే లేచి నాలుగడుగులు వెనక్కి వేస్తాను. మనవలు నవ్వుతారు, నవ్వనీ. అలా వెనక్కి నడిచి చాలామందిని క్షమించగలిగాను. మా పెద్దనాయిన నుంచి మాత్రం ఇంకా నడుస్తూనే ఉన్నాను.