మూడు గడుల కాగితం

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇందులో రెండు మతాలున్నాయి, ఒక రాజ్యాంగం ఉంది, దేవుడి ముందు చేసిన ప్రమాణం ఉంది, కన్నతండ్రి మీద కొడుకు ఎత్తిన ఆయుధం ఉంది, వెనకాల ఉదయగిరి కొండ మీద కోట కూడా ఉంది. నిజం చెప్పాలంటే ఆ ఆయుధం రిజిస్టరు పోస్టులో వెళ్ళిన ఒక నోటీసు. యుద్ధం జరిగింది పది అడుగుల వెడల్పున్న అంగడి గది కోసం. కోట ఈ కథలో ఎక్కడా పనికిరాదు, ఊరికే కనబడుతుంది.

ఇవాళ పొద్దున ఆత్మకూరులో మా ఆఫీసు గదిలో పాత ఫైళ్ళ మూట ఒకటి విప్పితే గుప్పుమని కర్పూరం వాసన వచ్చింది. ఎదురుగా కూర్చున్న క్లయింటు గబగబా చెంపలు వేసుకున్నాడు. అది గట్టు తగాదా ఫైలని చెప్పినా చాలాసేపు చేతులు దించలేదు. ఆ మూట కట్టింది మా సీనియరు మస్తానయ్య గారు. కాగితాలకు పురుగు పట్టకుండా మూట మూటకూ నాలుగు కర్పూరం బిళ్ళలు వేసేవారు. "దేవుడి ముందర పెడితే నిమిషంలో కాలిపోతాది అబ్బయా. ఈడ పెడితే ఏడాది పనిచేస్తాది" అనేవారు. పురుగులు ఈ వాదనతో ఏకీభవించలేదు. అయినా ఆయన అప్పీలు చేస్తూనే ఉన్నారు.

ఆయన్ని చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. నల్లకోటు ఏనాడో గోధుమరంగులోకి మారిపోయింది. వాళ్ళ అవ్వ దర్గాకు మొక్కుకుంటే పుట్టారట, అందుకే ఆ పేరు. మా వైపు ఏ కులంలో చూసినా ఇద్దరు మస్తానులుంటారు, ఎవరూ వింతగా చూడరు. ఆయనకు పడనివి రెండే. ఒకటి వాయిదా. రెండోది "అందరూ అంటున్నారు" అనే మాట. ఎవరైనా ఆ మాట అంటే వెంటనే సొరుగులోంచి తెల్లకాగితం తీసి, స్కేలు పెట్టి రెండు నిలువు గీతలు గీసి, మూడు గడుల మీద మూడు ముక్కలు రాసేవారు. ఎవరికి, ఎక్కడ, ఎవరివల్ల. "నింపుకోని రా, కేసు ఏస్తా" అనేవారు. ఆ కాగితం తీసుకుని వెళ్ళినవాళ్ళలో సగం మంది మళ్ళీ రాలేదు. మిగతా సగంతోనే ఆయన బతికారు.

నేను ఆయన దగ్గర జూనియరుగా చేరిన తొలినాళ్ళలో ఒక సోమవారం ఉదయగిరి బస్సులో మా నాయన దిగాడు. మా నాయన చెంచయ్య ఉదయగిరిలో కిరాణా హోల్‌సేలు చేస్తాడు. బజారులో ఏ తగువు వచ్చినా కులపెద్దగా తీర్పు ఆయనే చెబుతాడు. ఆ వారం ఊళ్ళో ఒక వాట్సాప్ మెసేజీ తిరుగుతోంది. ఉదయగిరిలో మతం కోర్టు మొదలైందని, ఇకమీదట ఆత్మకూరు జడ్జిగారు కూడా వాళ్ళు చెప్పినట్టే తీర్పు రాయాలని, పదిమందికి పంపమని. మా నాయన వ్యాపారి కాబట్టి కొసరుతో కలిపి పదకొండు మందికి పంపాడు. ఆ తరువాత ఇంకో ఇద్దరు అంగళ్ళవాళ్ళను వెంటబెట్టుకుని పిటిషన్ వేయించడానికి వచ్చాడు.

అప్పటికే గదిలో బెంచీ మీద ఖాదర్ బాషా కూర్చుని ఉన్నాడు. ఉదయగిరిలో మా వీధి చివర టైలరు. నా స్కూలు నిక్కర్లన్నీ ఆయన కుట్టినవే, అన్నీ ఒక సైజు ఎక్కువే. అదే బస్సులో వచ్చాడట, ముందు సీట్లో. మా నాయనవాళ్ళు వెనక సీట్లో. దారి పొడుగునా ఒకరినొకరు పలకరించుకోలేదు.

"చెప్పు బాషా" అన్నారు సీనియరు గారు.

"అందరికీ ఒకటే చట్టం తెస్తా ఉండారంట సార్. ఇంక నిఖాకు కూడా హోమం ముందర ఏడడుగులు నడవాలంట. వచ్చే నెల మా పిల్ల పెళ్ళి ఉండాది. నాకు చూస్తే మోకాళ్ళ నొప్పులు."

"నడిచేది నువ్వు కాదు గదయ్యా."

"అదీ నిజమేలే సార్. అయినా అందరూ అంటా ఉండారు."

కాగితం బయటికొచ్చింది. మా నాయన గొంతు సవరించుకుని మతం కోర్టు సంగతి మొదలుపెట్టి, దేశం దాకా వెళ్ళి, "అందరూ అంటున్నారు వకీలుగారూ" దగ్గర ఆగాడు. రెండో కాగితం బయటికొచ్చింది.

"మతం మాటకు తలొగ్గి కోర్టుకు రాకుండా ఆగిపోయిన మనిషి పేరు ఒకటి రాయండి. ఒక్కటి చాలు. పిటిషన్ నేను ఏస్తా, ఫీజు కూడా వొద్దు."

మా నాయన పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. పక్కన బాషా కూడా అదే పని చేస్తున్నాడు. ఒకే బెంచీ మీద రెండు భయాలు పక్కపక్కన కూర్చుని పెన్నులు నములుతున్నాయి. నాకు నవ్వొచ్చి ఫైలు అడ్డం పెట్టుకున్నాను. వాళ్ళను పంపించేశాక సీనియరు గారు కూడా నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"భయం అబద్ధమని ఎట్టా చెప్తాం? పోయి చూసిరా" అని మా నాయన కాగితం నా చేతికిచ్చారు. "చూసింది రాయి. అనుకున్నది రాయబాక."

శుక్రవారం మధ్యాహ్నం ఉదయగిరిలో మసీదు పక్క గదికి వెళ్ళాను. దేశాన్ని వణికిస్తున్న ఆ న్యాయస్థానంలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, తిరిగినట్టు శబ్దం మాత్రం చేసే ఒక ఫ్యాను ఉన్నాయి. మసీదు పెద్ద హజరత్ గారు ముసలాయన, టీ సాసరులో పోసుకుని తాగుతున్నారు. ఎదురుగా మెహరున్నీసా అనే అమ్మాయి. మొగుడితో తెగదెంపులు చేసుకోవాలని వచ్చింది. పక్కన మొగుడి మేనమామ.

"కోర్టుకు పోతే దీన్‌కు, మన మతానికే మచ్చ. పెద్దోళ్ళం మేం లేమా? మా మాట అంటే లెక్క లేదా?" అంటున్నాడు మేనమామ.

ఆ గొంతు, చేతులు వెనక్కి కట్టుకునే ఆ తీరు ఎక్కడో చూసినట్టనిపించింది. కాసేపటికి గుర్తొచ్చింది, మా ఇంట్లోనే.

"నువ్వుండయ్యా" అన్నారు హజరత్ గారు. "అమ్మా, కలిసుంటానంటే నాలుగు మంచి మాటలు చెప్తాను. నా మాట వినేవాళ్ళకే నా మాట. ఉండలేనంటే ఆత్మకూరు పో. ఆడ మస్తానయ్య వకీలు ఉండాడు. నేను కాగితం రాసిస్తే రేపు ఏ ఆఫీసులోనూ చెల్లదు, మళ్ళీ నా దగ్గరికే వచ్చి ఏడుస్తావు. నాకు బీపీ ఉండాది."

నేను ఫలానా వకీలు జూనియరునని చెప్పుకున్నాను. "పదేళ్ళ నించి మనుషుల్ని పంపిస్తా ఉండాను, ఒక్కసారన్నా కమీషను ఇచ్చినాడా మీ సారు?" అని నాకూ టీ పోయించారు. మెహరున్నీసా నన్ను పక్కకు పిలిచి సోమవారం ఎన్ని గంటలకు రావాలో అడిగింది. మేనమామ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆమె ఆగిపోలేదు కాబట్టి మొదటి గడి ఖాళీగానే మిగిలింది.

సాయంత్రం బస్సుకు ఇంకా టైముందని రమణమ్మ పిన్ని ఇంటికి వెళ్ళాను. మా చిన్నాన్న భార్య. చిన్నాన్న బతికుండగా ఆ వీధిలో చిన్న అంగడి నడిపేవాడు. స్టీలు గిన్నెలు, మా ఊరి చెక్క స్పూన్లు, బొమ్మలు. ఆయన పోయాక ఆ షట్టరు మూతపడింది. పిన్నికే ఇష్టం లేదని ఇంట్లో చెప్పారు. అప్పుడు నేను నెల్లూరులో పరీక్షలు రాస్తున్నాను. నమ్మాను. నమ్మితే ఖర్చేం లేదు కదా.

"అంగడి తియ్యకుండా ఇట్టా కూర్చుంటే పొద్దెట్టా పోతాది పిన్నీ?" అన్నాను పెరుగన్నం తింటూ.

"ఎట్టా తీసేది అబ్బయా? కర్పూరం ఆర్పినాను గదా."

ముద్ద పళ్ళెంలోనే పెట్టేసి ఏం కర్పూరమని అడిగాను. అప్పుడు చెప్పింది. చిన్నాన్న పోయిన మూడో నెలలో మా కులపోళ్ళ సత్రంలో పంచాయితీ పెట్టారట. ఆడమనిషి అంగడిలో కూర్చోవడం మన ధర్మం కాదని, గది బావగారి కింద ఉంటుందని, ఆమెకు నెలనెలా ఇంటి సరుకులు పంపుతారని తీర్పు. కోర్టుకు పోనని ఆ సత్రంలోని గుడిలో దేవుడి ముందు కర్పూరం ఆర్పించారు. మా వైపు అది చిన్న సంగతి కాదు. వెలుగుతున్న కర్పూరాన్ని చేత్తో ఆర్పి మాట ఇస్తే, ఆ మాట తప్పిన ఇంట్లో దీపం ఆరిపోతుందని నమ్మకం. పిన్ని ఇంట్లో ఉన్న దీపం ఒక్కటే, తొమ్మిదో తరగతి చదివే మా చెల్లెలు సుజాత.

"నువ్వు నవ్వుతావని తెలుసు" అంది పిన్ని. "నాకు మాత్రం ఆ పిల్ల స్కూలు నించి పది నిమిషాలు లేటయితే అరిచెయ్యి మండుతాది."

నేను అన్నిటికీ నవ్వేవాణ్ణే. దానికి నవ్వు రాలేదు. చెయ్యి కడుక్కుని జేబులో కాగితం తీశాను. చూసింది రాయమన్నారు. ఎవరికి: రమణమ్మ, మా పిన్ని. ఎక్కడ: మా సత్రం. మూడో గడి దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది. ఇంకు అయిపోయిందేమోనని చూశాను. అయిపోలేదు.

సోమవారం అదే బెంచీ, అవే మొహాలు. బాషా కాగితం ఎలా వెళ్ళిందో అలాగే వచ్చింది. ఆయన కుట్టుమిషను మనిషి కాబట్టి అంచులు కొలిచినట్టు నాలుగు మడతలు పెట్టాడు, అంతే తేడా. మా నాయన కాగితం మాత్రం నిండి ఉంది. సీనియరు గారు చదవలేదు, మా నాయన చేతికే ఇచ్చారు. ఆయన అద్దాలు తుడుచుకుని చదివాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

"ఎవరు రాసింది ఇది?"

"నేనే నాయనా."

"దస్తూరీ బాగుపడలేదురా" అన్నాడు. తరువాత సీనియరు గారి వైపు తిరిగి, "అది వేరే వకీలుగారూ. అది మా ఇంటి మాట" అన్నాడు.

బెంచీ చివర నుంచి బాషా నెమ్మదిగా అన్నాడు. "మాదీ ఇంటి మాటే చెంచయ్యగారూ. అందుకే గదా ఇంతదూరం వచ్చినాం."

ఇక్కడ సీనియరు గారు రాజ్యాంగం గురించి పెద్ద ఉపన్యాసం ఇచ్చి ఉంటే బాగుండేది. ఆయన "పిటిషన్ ఏద్దామా? ప్రతివాది పేరు మీదే ఉండాది" అని మాత్రం అన్నారు. మా నాయన మంచినీళ్ళు అడిగాడు.

మా నాయన సంగతి సరే, పిన్నిని కదిలించడం కష్టమైంది. చట్టం ప్రకారం గది ఆమెదేనని నేను గంటసేపు చెప్పాను. ఆమె అరచెయ్యి చూపించింది. ఆ చేతికి నా దగ్గర సెక్షన్ లేదు. ఆ మాట చెబితే సీనియరు గారు కోటు విప్పి తగిలించి, నాతో ఉదయగిరి బస్సెక్కారు. పిన్నిని తీసుకుని నేరుగా సత్రంలో పూజారి దగ్గరికి వెళ్ళారు.

"సామీ, ఆ రోజు దేవుడేం చెప్పినాడు?"

పూజారి బిత్తరపోయాడు. "దేవుడేం చెప్తాడు? కర్పూరం అడిగితే ఇచ్చినాను. తీర్పు చెంచయ్యగారిది. నన్ను ఎవురన్నా అడిగితే గదా చెప్పేది. అమ్మా, పదిమంది చుట్టూ నిలబడి ఆర్పించింది ప్రమాణం కాదు. స్వామి లెక్కలో అది లేదు, నాది పూచీ."

"పిల్లకు ఏమన్నా అయితే?"

"పిల్లను తీసుకోనిరా. అర్చన చేయిస్తా."

హజరత్‌కు జడ్జి కావాలని లేదు. పూజారికీ లేదు. ఆ కోరిక మేనమామకూ మా నాయనకూ మాత్రమే ఉన్నట్టుంది. పిన్ని ఒక బిళ్ళ అడిగి తీసుకుని వెలిగించింది. ఈసారి ఆర్పలేదు. చేతులు కట్టుకుని అది కాలినంతసేపూ చూస్తూ నిలబడింది. తరువాత మస్తానయ్య గారి దగ్గర పెన్ను అడిగి వకాలత్ మీద సంతకం పెట్టింది.

నోటీసు నేనే టైపు చేశాను. "గౌరవనీయులైన అని పెట్టాలా సార్?" అని అడిగాను. "పెట్టు. ఆదివారం భోజనానికి ఆ ఇంటికే పోవాల గదా నువ్వు" అన్నారు. పోయాను. మా అమ్మ వడ్డించింది. మా నాయన నాతో మాట్లాడలేదు గానీ అప్పడాలు నా వైపు జరిపాడు. పదకొండో రోజున తాళాలు మా అమ్మ ముందు పెట్టి, "రమణమ్మకు ఇచ్చెయ్యి. షట్టరు తుప్పు పడతా ఉండాది" అన్నాడు. కోర్టుదాకా పోనేలేదు. నా మొదటి కేసు నా మొదటి కేసు కాకుండానే అయిపోయింది.

మస్తానయ్య గారు పోయి రెండేళ్ళయింది. సంతాప సూచకంగా ఆ రోజు కేసులన్నీ వాయిదా వేశారు. ఆయన చూస్తే ఒప్పుకునేవారు కాదు. హజరత్ గారు, పూజారి, మా నాయన ఒకే ఆటోలో వచ్చారు. బాషా ముందర డ్రైవరు పక్కన కూర్చున్నాడు, మోకాళ్ళ కోసం.

భయాలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి, ఫోనులోనూ బస్సులోనూ. ఏదో బిల్లు వస్తుందట, ఎవరి శాస్త్రమో తీర్పుల్లోకి దూరుతుందట. నేను వాటిని చూసి నవ్వడం మానేశాను, ఎందుకంటే అప్పుడప్పుడూ గడులు నిండుతాయి. నిండితే కేసు వేస్తాను. నింపుకురమ్మని నేనూ కాగితం గీసిస్తాను, స్కేలు పెట్టి. మూడో గడిలో మనకు కావలసినవాళ్ళ పేరు రావచ్చని మాత్రం ముందే చెబుతాను. ఆ మాట విని కొందరు కాగితం తీసుకోకుండానే లేచి వెళతారు.

పిన్ని అంగడి పొద్దున తొమ్మిదిన్నరకు తీస్తుంది. ఒకటిన్నర నుంచి మూడు దాకా మూత. మంగళవారం సెలవు. చిల్లర తెచ్చుకోండి.