దవడన దాచిన మాత్రలు

ప్రొద్దుటూరులో ఖాజాబీ కుట్టిన బొంత కప్పుకుంటే చలి ఆ గడప తొక్కదని చెప్పుకొనేవాళ్లు. పులివెందుల నుంచి కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఆమెకు దూదీ సూదీ తప్ప వేరే లోకం లేదు. మొగుడు పోయాక ఒక్కగానొక్క కొడుకు రిజ్వాన్‌ను ఆ సూదితోనే పెంచి కువైట్ పంపింది. దగ్గు మొదలైతే దూది దుమ్మేలే అనుకుంది. రక్తం పడ్డాక గానీ ఆస్పత్రికి పోలేదు. క్షయ అన్నారు.

అది కరోనా కాలం. కాలేజీలకు తాళాలు పడ్డాయి గానీ మార్కులకు పడలేదు. డిగ్రీ పిల్లలు ఊళ్లు తిరిగి చేయాల్సిన సమాజసేవ కూడా సెల్‌ఫోన్లోకి ఎక్కింది. ఒక్కో విద్యార్థికి ఒక్కో రోగి. రోజూ పదింటికి వీడియో కాల్ చేసి, రోగి మాత్రలు మింగడం చూడాలి. ఖాజాబీ వంతుకు సుధ వచ్చింది. మైలవరం దగ్గర గొర్రెలు కాచుకునే ఇంటి పిల్ల. ఊళ్లో సిగ్నల్ అందక రిజర్వాయర్ కట్టెక్కి, చున్నీ నెత్తిన కప్పుకుని, ఎండలో నిలబడి మాట్లాడేది.

“మింగినావా అత్తా? యాదీ, నోరు తెరువు.”

“మింగినా పాపా. ఆ ఎండకు నీ మొగం మాడిపోతాంది. దిగిపో తల్లీ.”

మొదట్లో అది మార్కుల పనే. పోనుపోను ఈరోజు కూరేంది, ఏ గొర్రె ఈనింది అనే దాకా వచ్చింది. ఇరుగుపొరుగు మొహం చాటేసిన రోజుల్లో ఖాజాబీని మనిషిగా పలకరించింది ఆ పిల్ల ఒక్కతే. దగ్గు తగ్గింది. ఒళ్లు కూడా కాస్త చేసింది.

అంతలో రంజాన్ నెల వచ్చింది. అక్కడ కువైట్‌లో రిజ్వాన్ కరోనాతో ఆస్పత్రి పాలయ్యాడు. బిడ్డ బతికి బయటపడితే ఈ నెలలో ఒక్కపొద్దు ఏ రోజూ తప్పనని ఖాజాబీ మొక్కుకుంది. రోగులకు మాఫీ ఉందని ఆమెకు తెలియక కాదు. తల్లి మొక్కు ముందు మాఫీలు ఎవరికి కావాలి?

మరి మాత్రలో? తెల్లవారుజామున సహర్ భోజనం వేళ మింగేస్తే, పదింటికి సుధకు చూపించడానికి ఏముంటుంది? చూపించకపోతే పిల్ల మార్కులు పోతాయేమో. పోనీ ఆ వేళకే ఫోన్ చేయమందామా అంటే, చీకట్లో ఆడపిల్లను కట్టెక్కమనడానికి నోరెలా వస్తుంది? మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకొక సామెత ఉంది, అది ఇక్కడ రాసేది కాదు. ఖాజాబీ మాత్రలు నోట్లో వేసుకుని, దవడకు తోసి, ఉత్త గ్లాసు ఎత్తి గుటక వేసినట్టు నటించేది. నాలుక చాపి చూపించేది. ఫోన్ పెట్టేయగానే ఉమ్మేసేది. ఒకటి రెండుసార్లు ఇఫ్తార్ తర్వాత మింగి చూసింది. వాంతయింది.

రిజ్వాన్ బతికాడు. పండగ వెళ్లిపోయింది, మాత్రలు మళ్లీ గొంతు దిగాయి. దగ్గు మాత్రం తిరిగొచ్చింది, ఈసారి రక్తాన్ని వెంటబెట్టుకునే వచ్చింది. ఖాజాబీ ఆస్పత్రికి పోయి దగ్గి తీసిన గళ్ల పరీక్షకు ఇచ్చి వచ్చింది.

నాలుగో రోజు ఆ పరీక్ష సంగతి సుధ ఫోన్లో చెప్పింది.

“అత్తా, గళ్లలో పురుగు ఇంకా ఉందంట. ఆయమ్మ మాత్రలు ఏమన్నా ఎగ్గొట్టిందా అని డాక్టరు ఫోన్ చేసి నన్ను అడిగినాడు. నా కండ్లతో నేను చూసినా సార్, ఒక్క పూట గూడా తప్పలే అంటి. అట్లయితే ఈ మందులు ఆమెకు పనిచేయడంలే, కడపలో ఆస్పత్రిలో పెట్టి వేరే మందులు మొదలుపెట్టాల అన్నాడు. అవి శానా గట్టి మందులంటత్తా. తట్టుకుంటావా?”

నిజం చెప్తే డాక్టరు ముందు సుధ అబద్ధాలకోరు అవుతుంది. చెప్పకపోతే తనకు అక్కర్లేని ఆ గట్టి మందులు మింగాలి.

“నేను మింగలేదు పాపా” అంది చివరికి. “ఒక్కపొద్దుల నెలంతా దవడన దాచిపెట్టి నీకు ఉత్తనోరు చూపించినా. డాక్టరుకు చెప్పు. తప్పు నీది గాదు, నాది.”



“సహర్ పొద్దుకు చెయ్యమని నాకు చెప్పింటే అయిపోయేది గదత్తా” అంది సుధ. “ఎండాకాలం మేము ఆ యాళకే గొర్లు తోలుకోని కట్ట మీద ఉంటాం. నీకోసమే మళ్లా పదింటికి ఎక్కుతాంటి.”

దేవుణ్ని కొడుకు ప్రాణం అడిగిన నోటికి, ఆ పిల్లను ఒక్క మాట అడగడం చేతకాలేదు. ఖాజాబీ ఫోన్ ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.