ఉమ వయోలా, సంఘం వారి సన్మానం

వయోలా అంటే వయొలిన్ కాదని ఉమ చెప్పని తెలుగువాళ్ళు సింగపూర్‌లో లేరు. వయొలిన్ కంటే కాస్త పెద్దది, గొంతు కాస్త లోతు అని ఓపిగ్గా వివరిస్తుంది. విన్నవాళ్ళు బుద్ధిగా తలూపుతారు. మళ్ళీ వారం లిఫ్టులో కనబడి "వయొలిన్ ఎంతవరకు వచ్చిందండీ?" అంటారు. చోవా చూ కాంగ్‌లో వాళ్ళ బ్లాకు జనం సంగతి సరే, కట్టుకున్న శశికాంత్ కూడా ఇప్పటికీ "మా ఆవిడ ఫిడేలు" అనే అంటాడు. ఒళ్ళు మండదూ మరి!

చిన్నప్పుడు విజయనగరంలో ఫిడేలు నేర్చుకున్న మాట నిజమే. తరవాత చదువు, పెళ్ళి, సింగపూర్, బ్యాంకు ఉద్యోగం, కూతురు నందిత ట్యూషన్లు. ఫిడేలు ఏ ఇల్లు మారినప్పుడు పోయిందో కూడా గుర్తు లేదు. నలభై దాటాక ఒక ఆదివారం, బ్యాంకులో తన పక్క సీటు వెయ్ లింగ్ ఇంటికి భోజనానికి వెళ్ళింది. వెయ్ లింగ్ పియానో వాయిస్తుంది. ఆ రోజు ఆమె స్నేహితులెవరో వయోలా తీసి వాయిస్తుంటే ఉమ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మర్నాడే వెళ్ళి ఒకటి కొనుక్కుంది.

వయోలా బతుకు ఎక్కువగా సర్దుకుపోయే బతుకు. పైన వయొలిన్ విర్రవీగుతుంది, కింద వాటికంటే పెద్ద వాద్యం చెల్లో నిట్టూరుస్తుంది, మధ్యలో వయోలా ఇద్దరికీ దారిస్తుంది. ఇంట్లోనూ ఆఫీసులోనూ "పర్లేదులెండి" అనడం అలవాటైన ఉమకి ఇదేమీ కష్టమనిపించలేదు. వెయ్ లింగ్‌తో, వయొలిన్, చెల్లో వాయించే ఇంకో ఇద్దరితో కలిసి నలుగురి బృందంలో కుదురుకుంది. ఎప్పుడూ మధ్యలోనే ఉంది.

ఈసారి మాత్రం అలా కాదు. బృందం మొదటిసారి ఒక సంగీత పాఠశాల హాలు అద్దెకు తీసుకుని కచేరీ పెట్టుకుంది. ముందు సగం స్పెయిన్ తరహా నాట్యాల బాణీలు, గిటారు ఝంకారాన్ని పియానో మీదా తంత్రుల మీదా పలికించే ముక్కలు. విరామం తరవాత వందేళ్ళ కిందటి జర్మన్ పద్ధతిలో ఒక పెద్ద రచన, మూడు భాగాలు. అందులో నడిమి భాగం నెమ్మదిగా సాగుతుంది. దాన్ని వయోలా ఒక్కతే మొదలుపెడుతుంది. మిగతా ముగ్గురూ చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటారు. ఏడాదంతా ఉమ సాధన చేసింది ఆ కాసేపటి కోసమే.

టిక్కెట్లు అమ్ముడుపోలేదు. అక్కడే వచ్చింది చిక్కు. ఖాళీ కుర్చీలకు వాయించాల్సి వస్తుందేమోనని దిగులుపడి, ఉమ మొగుడి దగ్గర నోరు జారింది. శశికాంత్ తెలుగు సంఘంలో సాంస్కృతిక కార్యదర్శి. జనాన్ని తేవడం ఆయనకు చిటికెలో పని.

"జనం వస్తే చాలు. తొమ్మిదికల్లా హాలు ఖాళీ చేసెయ్యాలి. మీ ప్రోగ్రాములేవీ పెట్టకండి" అంది.

"అబ్బే, ఏం లేదులే. అందరూ వచ్చి కూర్చుంటారంతే" అన్నాడు.

జనం వచ్చారు. పట్టుచీరలతో వచ్చారు, వాళ్ళతో పాటు నిలువెత్తు ఇత్తడి దీపం కూడా వచ్చింది. నిప్పు వెలిగిస్తే అలారం మోగుతుందని హాలు మనిషి అడ్డుపడితే, బ్యాటరీ దీపాలు పెట్టి జ్యోతి ప్రజ్వలన కానిచ్చారు. కచేరీ ఆలస్యంగా మొదలైంది. ఉమ పళ్ళు బిగబట్టుకుని స్పెయిన్ నాట్యాలు వాయించింది. పాట పూర్తికాకుండానే మధ్యమధ్య చప్పట్లు పడ్డాయి, అదొక లెక్క కాదు. జనానికి నచ్చిందని సంతోషించింది కూడా.

విరామంలో మైకు గరగర వినబడింది. తొంగి చూసేసరికి వేదిక మీద కుర్చీలు, పూలదండ, శాలువా. సంఘం అధ్యక్షుడు ఈశ్వరరావు గారు నుంచుని ఉన్నారు.

"ఒక్క అయిదు నిమిషాలు! మన ఆడపడుచు ఉమ గారికి చిరు సన్మానం" అంటూ ఉమను వేదిక మీదికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టారు.

ఈశ్వరరావు గారి చేతికి మైకు వెళ్ళడమే తప్ప రావడం ఉండదు. "నేనొచ్చిన కొత్తలో వుడ్‌ల్యాండ్స్‌కి ట్రైను లేదండీ" అని మొదలుపెట్టారు. ఆ ట్రైను వచ్చేదాకా చెప్పారు. తరవాత ఉపాధ్యక్షుడు రెండు మాటలు, కోశాధికారి రెండు మాటలు. ఆ పైన ఈశ్వరరావు గారి కోడలు భువన సన్మాన పత్రం చదవడం మొదలుపెట్టింది. "వయొలిన్ విదుషీమణీ! మీ వాద్యం విన్నవారి జన్మ ధన్యం!" విన్నవాళ్ళు ఎవరని ఉమకు అరికాలి మంట నెత్తికెక్కింది. వినే సమయం కాస్తా ఈ పత్రం తినేస్తోంది. ముందు వరసలో శశికాంత్ వీడియో తీస్తూ మురిసిపోతున్నాడు.

వెయ్ లింగ్ గబగబా వచ్చి తన సింగపూర్ ఇంగ్లీషులో చెవిలో చెప్పింది. "ఉమా, టైమ్ లేదు లా. స్లో మూవ్‌మెంట్ పొడుగు కదా, వదిలేద్దాం. ఫస్ట్, లాస్ట్ చాలు. ఓకే ఆ?"

"పర్లేదు" అన్న మాట ఉమ నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే ఎవరో శాలువా విప్పి భుజం మీద వేయబోయారు. ఉమ చెయ్యి అడ్డం పెట్టింది. భువన దగ్గర మైకు తీసుకుంది.

"అంకుల్, నాకు శాలువా వద్దు" అంది. "ఏడాది పట్టి నేర్చుకున్న పాట మీ సన్మానంలో కొట్టుకుపోతోంది. నన్ను పొగడొద్దు. కూర్చుని వినండి."

ఈశ్వరరావు గారు శాలువా అందుకుని దగ్గరికి వచ్చారు. "ఒక్క ఫోటో అమ్మా, ఫోటోతో అయిపోద్ది."

"ఫోటో కూడా వద్దండీ."

కుర్చీలు తనే పక్కకు లాగింది. వెయ్ లింగ్ వైపు తిరిగి, ముందు నెమ్మది భాగమే వాయిద్దామని, తరవాత టైముంటే మిగతావని చెప్పింది. అడగలేదు, చెప్పింది. "వా, సో ఫియర్స్" అంటూ వెయ్ లింగ్ పియానో ముందు కూర్చుంది. వయొలిన్ ఆయన మొహం మాడ్చుకున్నాడు. ఆయన మెరుపులన్నీ చివరి భాగంలోనే ఉన్నాయి.

మొదటి స్వరం బిరుసుగా పలికింది. మూడో వరసలో ఎవరి ఫోనో మోగింది. ఉమ ఆపలేదు. రెండో పాదానికి చెయ్యి కుదిరింది. కోపమంతా తంత్రుల్లోకి దిగిపోయింది, లోపల మిగిలింది ఉమ ఒక్కతే. మిగతా ముగ్గురూ చేరేసరికి హాల్లో దగ్గు కూడా వినబడలేదు. ఆఖరి స్వరం ఆగేవేళకు హాలు మనిషి తలుపు దగ్గర తాళాలతో నిలబడి ఉన్నాడు. మిగతా రెండు భాగాలకూ వేళ మించిపోయింది.

ఇంటికి ట్రైనులో శశికాంత్ మొహం ముడుచుకుని కూర్చున్నాడు. "పెద్దాయన్ని అంతమందిలో అలా అనకుండా ఉండాల్సింది" అన్నాడు. ఉమ వయోలా పెట్టె ఒళ్ళోకి లాక్కుంది. కొన్ని స్టేషన్లు గడిచాయి.

"ఆ పాట..." అన్నాడు మెల్లగా. "అంత బాగా ఎప్పుడు నేర్చుకున్నావు?"

"రోజూ" అంది ఉమ. "మీరు ఇంట్లో ఉన్నప్పుడే."